సెంట్‌ఓఎస్ 7 వేసిచ్చే చవక వీపీఎస్ కొనేముందు ఇవి చూసుకోండి

ఏడాది డబ్బు ముందే కట్టించుకుని, సెంట్‌ఓఎస్ 7 అనే పాత లైనక్స్ ఓఎస్ వేసిన వీపీఎస్‌ను (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) "ఫుల్లీ అప్‌డేటెడ్" అంటూ ఇంకా అంటగడుతున్నారు. నిలదీస్తే చూపించే రుజువు ఒకటే: యమ్ అప్‌డేట్ (ప్యాకేజీలు అప్‌డేట్ చేసే కమాండ్) కొడితే అప్‌డేట్ చేయాల్సినవేమీ లేవని వస్తుంది. ఆ రుజువును నమ్మి మోసపోకండి.

సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది. తర్వాత ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే మిర్రర్‌లిస్ట్ సర్వర్ కూడా తీసేశారు. అందుకే సెట్టింగ్ మార్చని మెషిన్‌లో యమ్ కొడితే హోస్ట్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. అమ్మేవాళ్లు ప్యాకేజీల అడ్రస్‌లు ఉండే రిపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ లైన్లు తీసేసి, బేస్‌యూఆర్‌ఎల్ అనే అడ్రస్‌ను వాల్ట్ అనే పాత నిల్వ వైపు తిప్పేస్తారు. ఎర్రర్ మాయమవుతుంది. కానీ వాల్ట్‌లో ఉండేవి అప్పటిదాకా వచ్చిన పాత ప్యాకేజీలే, కొత్త ప్యాచ్ ఒక్కటీ అక్కడికి రాదు. రిపో ఫైల్ తెరిచి చూడండి, వాల్ట్ అని కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. అదనపు ప్యాకేజీలు ఇచ్చే ఈపెల్ 7 కూడా అదే జూన్ 30తో ఆగిపోయింది.

కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) 3.10, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ప్రోగ్రామ్) 7.4 అన్న పాత నంబర్లు చూసి మాత్రం బెదరనక్కర్లేదు. సపోర్ట్ ఉన్నన్నాళ్లూ, సెంట్‌ఓఎస్‌కు మూలమైన ఓఎస్ తయారుచేసే రెడ్ హ్యాట్ కంపెనీ కొత్త ప్యాచ్‌లను పాత వెర్షన్‌లోకే తెచ్చి కలిపేది, సెంట్‌ఓఎస్‌కూ అవే వచ్చేవి. ఇప్పుడు అది లేదు, చిక్కంతా అక్కడే. 2024 జూలై 1న బయటపడ్డ రెగ్రెషన్ అనే ఎస్‌ఎస్‌హెచ్ లోపం 7.4కు తగల్లేదు కాబట్టి పాతదే సేఫ్ అని కొందరు వాదిస్తారు. ఆ ఒక్కటి తప్పింది, అంతే. టక్స్‌కేర్ లాంటి డబ్బు కట్టే సపోర్ట్ ఉందని చెబితే, లైసెన్స్ మీ సర్వర్‌కే ఉందని రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికన్నా ఘోరం ఓపెన్‌వీజెడ్ కంటైనర్. అందులో కెర్నల్ హోస్ట్‌ది (అమ్మేవాళ్ల అసలు సర్వర్‌ది), మీరు మార్చలేరు. సిస్టమ్‌డి-డిటెక్ట్-విర్ట్ కమాండ్ కొట్టి చూడండి. ఓపెన్‌వీజెడ్ అని వస్తే రీఫండ్ గడువు దాటకముందే వదిలించుకోండి. కేవీఎం (సొంత కెర్నల్ ఉండే రకం) అయి ఉండాలి, వీఎన్‌సీ కన్సోల్ (ఎస్‌ఎస్‌హెచ్ రాకపోయినా సర్వర్ స్క్రీన్ చూపించేది) ఉండాలి, ఆల్మాలైనక్స్ 9 లాంటి కొత్త ఓఎస్ మీరే వేసుకునే వీలుండాలి.

ఇప్పటికే ఇరుక్కుంటే, మంచి దారి కొత్త మెషిన్ మీద ఆల్మాలైనక్స్ 9 వేసి డేటా తరలించడమే. అది కుదరకపోతే ఎలివేట్ అనే అప్‌గ్రేడ్ టూల్ ఉంది, ఉన్న మెషిన్‌నే ఆల్మాలైనక్స్ 8కి తీసుకెళ్తుంది. ముందు స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తం నకలు) తీసి, లీప్ ప్రీఅప్‌గ్రేడ్ (ముందస్తు తనిఖీ చేసే కమాండ్) నడిపి, రిపోర్ట్ మొత్తం చదవండి. సాధారణంగా అడ్డుపడేవి ఇవి: ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో పర్మిట్‌రూట్‌లాగిన్ (రూట్ యూజర్ లాగిన్‌కు అనుమతి) స్పష్టంగా రాయకపోవడం, పాటా-ఏసీపీఐ లాంటి తీసేసిన డ్రైవర్లు లోడై ఉండటం, ఒకటికి మించి నెట్‌వర్క్ కార్డులకు ఈత్0, ఈత్1 పేర్లు ఉండటం. పామ్ పీకేసీఎస్11 (స్మార్ట్‌కార్డ్ లాగిన్ మాడ్యూల్) తీసేయాలా అని లీప్ అడిగే ప్రశ్నకు దాని ఆన్సర్‌ఫైల్‌లో జవాబు రాయకపోతే కూడా ముందుకు కదలదు. రీబూట్ అయ్యేటప్పుడు కన్సోల్ తెరిచే ఉంచండి, ఎస్‌ఎస్‌హెచ్ రాకపోతే అదొక్కటే ఆధారం.

ఆల్మాలైనక్స్ 8లో డిఫాల్ట్ పీహెచ్‌పీ (సైట్ కోడ్ నడిపే భాష) 7.2. సెంట్‌ఓఎస్ 7లోని 5.4లో నడిచిన మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్) పాత ఫంక్షన్లు అందులో లేవు, సైట్‌ను ముందే వేరేచోట పరీక్షించండి. అప్‌గ్రేడ్ అయ్యాక ఆర్‌పీఎం జాబితాలో (ఇన్‌స్టాల్ అయినవాటి జాబితా) ఈఎల్7 అని ఉన్న పాత 7 నాటి ప్యాకేజీలు వెతికి మార్చండి లేదా తీసేయండి. వాటికి అప్‌డేట్లు రావు.