రిమోట్ టీమ్: బరంపురం నుంచి కొన్నేళ్లు నడిపాక నా రివ్యూ

దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు కస్టమర్ సపోర్ట్ ఇచ్చే టీమ్ మాది. కంపెనీ హైదరాబాద్‌లో ఉంది. మేం మాత్రం ఒడిశా సరిహద్దు వెంట తలా ఒక ఊళ్లో ఉంటాం. నేను బరంపురంలో, మిగతావాళ్లు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురాల్లో. ఒక ఫోన్ తెలుగులో వస్తుంది, పెట్టేసేలోపు ఇంకొకటి ఒడియాలో, మధ్యలో హిందీ. 2020 లాక్‌డౌన్‌లో తాత్కాలికంగా మొదలై, అలాగే స్థిరపడిపోయింది. టీమ్‌ను చూసుకునే బాధ్యత నాది కాబట్టి, ఇన్నేళ్లలో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దూరంగా ఉండి పనిచేసేవాళ్ల మధ్య మంచి వాతావరణం నిలవాలంటే, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో అందరికీ కనబడేలా రాసి ఉండాలి. ఆన్‌లైన్ తంబోలాలు, బర్త్‌డే ఫొటోలు మేమూ పెట్టుకుంటాం, సరదాగానే ఉంటాయి. కానీ సగంమందికి తెలియకుండా డ్యూటీ టైమింగ్ మారిపోతే, ఆ బాధను ఏ తంబోలా తీర్చదు.

మాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది సాయంత్రం హ్యాండోవర్ నోట్. షిఫ్ట్ దిగేవాళ్లు మిగిలిన పని గురించి నాలుగైదు లైన్లు రాసి వెళ్తారు. ఒకటి చూడండి: "ఎరువుల షాపు. యూరియా బిల్లులో జీఎస్టీ 5 శాతం రావాల్సింది, 18 చూపిస్తోంది. ఐటమ్ మాస్టర్‌లో కోడ్ తప్పు పడింది, సరిచేశాను. పాత బిల్లులు రెండు ఇంకా మార్చాలి. ఓనర్ గారు మధ్యాహ్నం పడుకుంటారు, నాలుగు దాటాక ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు." ఇది రాయడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాతి మనిషి మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు, ఓనర్‌కు విసుగు రాదు. నాకు బాగా నచ్చింది ఆ మధ్యాహ్నం నిద్ర సంగతి. కస్టమర్ గురించి అంత శ్రద్ధగా రాసే మనిషి, తన తర్వాత డ్యూటీ ఎక్కేవాళ్ల గురించి కూడా ఆలోచిస్తున్నట్టే.

మా దగ్గర రాతకు ఇంకో అవసరం కూడా ఉంది. ఎండాకాలం సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోతుంది, వెనకే నెట్ పోతుంది. టీమ్ కాల్ మధ్యలో మాయమైన మనిషికి మిగతా మాటలు ఎలా తెలుస్తాయి? అందుకే వారానికి ఒక్క కాల్ పెట్టుకుంటాం, దాని సారాంశం ఆ పూటే రాస్తాం. ఆ వంతు ఒక్కొక్క వారం ఒక్కొక్కరిది. కెమెరా ఆన్ చేయమని ఎవర్నీ అడగం.

యాప్ విషయానికొస్తే, మొదట్లో అంతా వాట్సాప్ గ్రూపులోనే నడిచేది. గుడ్‌మార్నింగ్ పూలు, కస్టమర్ గొడవ, సెలవు అడగడం అన్నీ ఒకే వరసలో వచ్చేవి. ఇప్పుడు జూలిప్ వాడుతున్నాం. 2015లో ఓపెన్ సోర్స్ అయిన చాట్ యాప్ ఇది. ఇందులో ప్రతి మెసేజ్‌కూ ఒక టాపిక్ ఉంటుంది కాబట్టి, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చినవాళ్లు తమకు కావాల్సిన టాపిక్ తెరిచి చదువుకుంటే చాలు. సొంత సర్వర్ మీద కూడా పెట్టుకోవచ్చు. ఏ యాప్ ఎంచుకున్నా పాత మెసేజ్‌లు ఎంతకాలం కనబడతాయో ముందే చూసుకోండి. స్లాక్ అనే ఇంకో చాట్ యాప్ ఉచిత ప్లాన్‌లో 2022 సెప్టెంబరు నుంచి 90 రోజుల వరకే కనబడుతున్నాయి. పోయినేడాది నిర్ణయం వెతుక్కునే టీమ్‌కు ఆ తేడా చాలా పెద్దది.

సెలవుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మనసులు కష్టపడేది ఇక్కడే. హైదరాబాద్ నుంచి వచ్చే సెలవుల లిస్టులో బోనాలు, బతుకమ్మ ఉంటాయి. జూన్ మధ్యలో ఒడియావాళ్లు మూడు రోజులు చేసుకునే రజ పండుగ ఉండదు. బలాంగీర్ వైపు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడిన మా సహోద్యోగికి వినాయక చవితి మర్నాడు వచ్చే నువాఖాయే (కొత్త బియ్యం పండుగ) పెద్ద పండుగ. బరంపురం వాళ్లకు రెండేళ్లకోసారి చైత్రంలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర ఉంటుంది, ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. పండుగనాడు ఇంట్లో అందరూ కూర్చుంటే, ఒక్కళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని మూలన కూర్చోవడం ఎంత బాధో చెప్పలేను. గట్టిగా అడిగి కొన్ని సెలవులు ఎవరికివాళ్లు ఎంచుకునేలా చేయించుకున్నాం. సంక్రాంతికి ఒడియావాళ్లు కాల్స్ చూసుకుంటారు, రజకు తెలుగువాళ్లు. దీంతో పెరిగిన ఆత్మీయత ఏ మోటివేషన్ క్లాసుతోనూ రాలేదు.

తుపాను రోజులకూ ఒక పద్ధతి ఉంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎన్ని ప్రాణాలు తీసిందో ఇక్కడెవరూ మర్చిపోలేదు. హెచ్చరిక రాగానే ఒక టాపిక్ తెరుస్తాం, అందులో పని మాట రాయకూడదు. క్షేమంగా ఉన్నామని ఒక్క మాట రాస్తే చాలు. వాన లేని ఊళ్లవాళ్లు కాల్స్ తీసుకుంటారు.

ఇప్పుడు లోటుపాట్లు. దూరంగా ఉన్నవాళ్ల కష్టం పైవాళ్ల కంట పడదు. షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. తొమ్మిది నెలలు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయినా, అంతే బాగా పనిచేసినా వాళ్లకు ప్రమోషన్లు మాత్రం తక్కువ వచ్చాయి. మాదీ అదే రకం పని కాబట్టి ఇది నన్ను కలవరపెట్టింది. నెలాఖరు రిపోర్టులో ఎవరు ఏం సాధించారో పేరుపెట్టి రాయడం నేను మానను. జయపురం అమ్మాయి తయారుచేసిన ఒడియా సమాధానాల పట్టికను ఇప్పుడు కంపెనీ అంతా వాడుతోంది. అది ఆమె పనేనని అందరికీ తెలియాలి కదా!

కొత్తగా చేరినవాళ్లకు ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. కస్టమర్ అరుస్తుంటే సీనియర్ ఎలా తగ్గి మాట్లాడతారో పక్కన కూర్చుని వినాలి. అందుకే మొదటి కొన్ని వారాలు కొత్తవాళ్లను బరంపురం రప్పిస్తాం. రైలు, బస ఖర్చు కంపెనీదే. ఒంటరితనం మాత్రం పూర్తిగా పోలేదు. ఏడాదికోసారి గోపాల్‌పూర్ బీచ్‌లో అందరం కలుస్తాం, నా లెక్కలో అది చాలదు.

ముగ్గురు నలుగురే ఉన్న టీమ్‌కు ఇదంతా అక్కర్లేదు, వాట్సాప్, రోజుకో ఫోన్ చాలు. అంతకు మించితే మాత్రం హ్యాండోవర్ నోట్‌తో మొదలుపెట్టండి. మొదటి వారం లీడ్ తనే రాయాలి, మిగతావాళ్లు అది చూసి నేర్చుకుంటారు.