డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సెషన్: ఆరేళ్లు వాడాక

సరుకు నిల్వలు, బిల్లులు చూసుకునే ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్‌ని ఆరేళ్లుగా నేనే రాస్తూ, నేనే చూసుకుంటున్నాను. విండోలు పైసైడ్ అనే పైథాన్ లైబ్రరీతో కట్టాను, డేటా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటుంది, రెండిటి మధ్య ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పనిచేస్తుంది, అంటే డేటాబేస్ వరుసలని పైథాన్ ఆబ్జెక్టులుగా చేతికిచ్చే లైబ్రరీ. దాని 1.3 వెర్షన్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు 2.0 వాడుతున్నాను.

మొదట్లో అప్లికేషన్ తెరవగానే ఒక సెషన్ (డేటాబేస్ నుంచి తెచ్చిన ఆబ్జెక్టులని పట్టుకుని ఉండేది) తెరిచి, అన్ని విండోలకూ అదే ఇచ్చాను. చాలా రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక ఫిర్యాదు వచ్చింది. కస్టమర్ ఫారంలో పేరు మార్చి, వద్దనుకుని క్యాన్సిల్ నొక్కారట. కాసేపటికి ఇంకో విండోలో బిల్లు సేవ్ చేస్తే ఆ పేరు కూడా మారిపోయింది! సెషన్ తన చేతిలోని ఆబ్జెక్టుల్లో జరిగిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకుంటుంది. కమిట్ (మార్పులని డేటాబేస్‌లో ఖాయం చెయ్యమనే ఆదేశం) ఏ విండో నుంచి వచ్చిందో దానికి తెలియదు, ఉన్నవన్నీ రాసేస్తుంది.

వెబ్‌లో ఈ బాధ తక్కువ. రిక్వెస్ట్‌తో సెషన్ మొదలై, జవాబు వెళ్లగానే ముగుస్తుంది. డెస్క్‌టాప్‌లో ఆ హద్దు మనమే గీసుకోవాలి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ డాక్యుమెంటేషన్‌లో దీని గురించి ఉన్నది కొద్ది మాటలే: బటన్ నొక్కడం లాంటి ఒక్కో చర్యకి ఒక సెషన్, లేదా రికార్డులు తెరిచి సేవ్ చేసేదాకా ఒక సెషన్. నేను రెండోది పట్టుకున్నాను. ఫారం తెరిస్తే కొత్త సెషన్, మూస్తే క్లోజ్. క్యాన్సిల్ అంటే ఇప్పుడు సెషన్ మూసెయ్యడమే. పాత విలువలు వెనక్కి పెట్టే కోడ్ మొత్తం తీసేశాను.

అయినా 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అనే ఎర్రర్ అప్పుడప్పుడూ వచ్చేది. దాని మూలం దొరికేసరికి వారం పట్టింది, ఆ వారమంతా టెన్షనే. దోషం ఆటోఫ్లష్ దగ్గర ఉంది. యూజర్ ఫారంలో ఒక విలువ మార్చి, అక్కడే సరుకు వెతికే పెట్టెలో టైప్ చేస్తాడు. ఆ వెతుకులాట ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న. క్వెరీకి ముందు సెషన్ పెండింగ్ మార్పులను అప్‌డేట్‌గా పంపేస్తుంది, ఆటోఫ్లష్ అంటే అదే. ఎస్‌క్యూలైట్‌లో ఒకసారికి రాసేవాళ్లు ఒక్కరే ఉండాలి కాబట్టి, ఆ అప్‌డేట్‌తో రాసే హక్కు ఈ ఫారం చేతికి వస్తుంది. యూజర్ ఆలోచిస్తూ కూర్చున్నంతసేపూ వదలదు. వెనక నిల్వలు దిగుమతి చేసుకునే థ్రెడ్ (అదే ప్రోగ్రాంలో పక్కన నడిచే ఇంకో పని), పైథాన్ డ్రైవర్ మామూలుగా ఇచ్చే 5 సెకన్లూ ఎదురుచూసి ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో వాల్ మోడ్ (మార్పులని ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతి) పెట్టినా చదివేవాళ్లకి అడ్డు తొలగుతుందే తప్ప, రాసేవాళ్లు ఇద్దరు కాలేరు. ఫారం సెషన్లలో ఆటోఫ్లష్ ఆపేశాక ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు. సెషన్ ఎంతసేపైనా తెరిచి ఉండొచ్చు, రాసే ట్రాన్సాక్షన్ మాత్రం సేవ్ నొక్కిన క్షణంలో మొదలై అప్పుడే ముగియాలి. ఈ రెండిటి ఆయుష్షు వేరని నాకు అర్థమైంది అప్పుడే.

'ఎక్స్‌పైర్ ఆన్ కమిట్' అనే సెట్టింగ్ కూడా ఆఫ్ చేశాను, అది కమిట్ కాగానే ఆబ్జెక్టుల్లోని విలువలు పాతబడ్డాయని వదిలేస్తుంది. అది ఆన్‌లో ఉంటే కమిట్ తర్వాత పట్టికలో కనిపించే ప్రతి వరుసకీ మళ్లీ ఒక్కో క్వెరీ వెళ్తుంది. సెషన్ మూసేసి ఉంటే డిటాచ్డ్ ఇన్‌స్టెన్స్ ఎర్రరే, అంటే ఆబ్జెక్ట్‌కి సెషన్ లేదని. థ్రెడ్ల సంగతి ఒక్క మాటలో చెప్తాను: ఆబ్జెక్ట్ ఇవ్వకండి, ఐడీ ఇవ్వండి, ఆ థ్రెడ్ తన సెషన్ తనే తెరుచుకుంటుంది.

నాకు బాగా నచ్చింది వెర్షన్ కాలమ్, అంటే వరుస మారిన ప్రతిసారీ మారే నంబరున్న గడి. ఒకే రికార్డుని రెండు విండోలు తెరిస్తే, వెనకపడ్డ విండో అప్‌డేట్‌కి పాత వెర్షన్ నంబరున్న వరుస దొరకదు, స్టేల్ డేటా ఎర్రర్ వస్తుంది. ఎవరి మార్పూ చప్పుడు లేకుండా చెరిగిపోదు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ ఎర్రర్ తర్వాత రోల్‌బ్యాక్ (కమిట్ కాని మార్పులని వెనక్కి తీసుకోవడం) తప్పదు, రోల్‌బ్యాక్‌తో ఆబ్జెక్టుల్లోని కొత్త విలువలు పోతాయి. యూజర్ పది నిమిషాలు కూర్చుని టైప్ చేసింది పోగొట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే సేవ్ నొక్కేదాకా విలువలన్నీ ఫారం పెట్టెల్లోనే ఉంచి, అప్పుడే ఆబ్జెక్ట్‌లోకి ఎక్కిస్తున్నాను.

ఒక ఫారంలో సేవ్ చేసిన సంగతి పక్క ఫారం సెషన్‌కి తెలియదు. దానికి సేవ్ అయిన రికార్డు ఐడీతో ఒక సిగ్నల్ పంపి, తెరిచి ఉన్న విండోల్లో రిఫ్రెష్ పిలుస్తున్నాను. ఆ కోడ్ మాత్రం ఈ రోజుకీ నేనే రాసుకోవాల్సి వస్తోంది.