జపాన్ కరావోకే గదుల్లో ధైర్యం చెప్పే పాటలు

పదకొండు రోజుల జపాన్ యాత్రకు బయలుదేరే ముందే నేను ఒకటి అనుకున్నాను: గుడులు, తోటలు చూడటంతోపాటు టోక్యో, కోబె, ఒకయామా నగరాల్లో ఒక్కో పూట కరావోకేకు, అంటే తెర మీద మాటలు చూస్తూ యంత్రం వినిపించే సంగీతానికి పాడటానికి కేటాయించి, అక్కడివారు కష్టకాలంలో ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి పాడుకునే పాటలను వారి భాషలోనే పాడాలని. ఇలాంటి పాటలను వారు ‘ఓఎన్ సాంగ్’ అంటారు. ఓఎన్ అంటే వెన్నంటి నిలిచి ఉత్సాహపరచడం. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, మరదలు నాకు తోడు వచ్చారు.

మొదటి ప్రయత్నం టోక్యోలోని షింజుకులో, శుక్రవారం రాత్రి జరిగింది. ఆ రోజును ఎంచుకోవడమే పొరపాటు. గుమ్మం దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉన్న ధర ఒక మనిషికి అరగంటకు మాత్రమేనని, తలా ఒక పానీయం తప్పనిసరిగా తీసుకోవాలని, వారాంతపు రాత్రి ధర వేరని లోపలికి వెళ్ళాక గానీ తెలియలేదు. గంటన్నర తరువాత చేతికొచ్చిన బిల్లు మేము వేసుకున్న లెక్కకు దాదాపు రెట్టింపు ఉంది. గది శుభ్రంగానే ఉన్నా పాత సిగరెట్ వాసన పోలేదు. అయితే ఒక్క మంచి మాట చెప్పాలి: డ్యామ్, జాయ్‌సౌండ్ అనే రెండు రకాల యంత్రాల్లో ఏది కావాలో కౌంటర్‌లో అడిగి మరీ గది ఇచ్చారు. పాటల జాబితాలు, తెర మీది సౌకర్యాలు రెండింటిలోనూ ఒకేలా ఉండవు కనుక, పాడదలచుకున్న పాటను ముందే అడిగి చూసుకోవడం మేలు.

అక్కడ నేను ఎంచుకున్నది జార్డ్ బృందం 1993లో విడుదల చేసిన ‘మకెనయిదె’. ఓడిపోవద్దు అని ఆ పేరుకు అర్థం. ఉత్సాహం అనగానే వేగమైన పాటే ఉండాలని నేను అనుకోవడం వల్ల ఆ ఎంపిక జరిగింది. తెర మీద రోమన్ అక్షరాలు రంగు మారుతూ పరుగెత్తుతుంటే నా నాలుక రెండు మాటలు వెనుకబడింది. పల్లవిలో పై స్థాయి అందక, పలక వంటి రిమోట్‌తో శ్రుతిని మూడు మెట్లు దించితే చరణం మరీ కిందికి పోయింది. “వదినా, మీరు పాటను తరుముతున్నారు, పాడటం లేదు” అని మా మరదలు అన్నది నిజమే. ధైర్యం చెప్పవలసిన పాట పాడేవారిని కంగారు పెడితే వినేవారికి అందేది ఆ కంగారే.

ఆ రాత్రి తమ్ముడింట్లో కూర్చుని పాటల మాటలను రోమన్ లిపిలో కాక తెలుగులో రాసుకున్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన అత్యంత ఉపయోగకరమైన పని అదే. జపనీస్ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. హ్రస్వ దీర్ఘాల తేడా వారికీ ప్రాణం. ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ, ‘కితె’ అంటే రమ్మనడం, కాబట్టి ద్విత్వమూ అంతే ముఖ్యం. ఎ, ఏ, ఒ, ఓ లకు మనకు వేరువేరు అక్షరాలు ఉండటం వల్ల, రోమన్‌లో చదివినప్పుడు నేను తప్పిన దీర్ఘాలన్నీ తెలుగులో చదివినప్పుడు సరిగ్గా పలికాయి.

కోబెలో సన్నొమియా స్టేషన్‌కు అయిదు నిమిషాల నడక దూరంలో బస చేశాము. గదిలో పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు గానీ, ఆలస్యంగా తిరిగి వచ్చేవారికి ఆ దగ్గరతనం ఎంతో విలువైనది. ఇనోఉఎ దైసుకె 1971లో తన కరావోకే యంత్రాలను మొదట అద్దెకు ఇచ్చినది ఈ నగరంలోని బార్లకే. ఆయన దానికి పేటెంట్ తీసుకోలేదు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు మేము చెల్లించినది షింజుకు బిల్లులో మూడో వంతు కూడా కాదు. అక్కడి అమ్మాయి అడగకుండానే తాళం వేయడానికి తంబురీన్ అనే చిన్న చేతి వాయిద్యం తెచ్చి ఇచ్చి, స్వరాన్ని వెంట వినిపించే గైడ్‌ను ఎలా పెంచుకోవాలో చూపించింది; సమయం ముగియడానికి పది నిమిషాల ముందు గోడ మీది ఫోన్ మోగింది.

అక్కడ ‘ఉఎ ఒ ముయితె అరుకో’ పాడాను. సకమొతొ క్యూ 1961లో పాడిన ఈ పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. కన్నీళ్ళు జారిపోకుండా తల పైకెత్తి నడుద్దాం అనే భావంతో సాగుతుంది కనుక, దుఃఖాన్ని దాచకుండానే ధైర్యం చెబుతుంది. ఉత్సాహగీతాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. బాణీలో ఎక్కువ భాగం మన మోహన రాగం స్వరాల్లోనే తిరుగుతుంది, నడక నిదానం, మాటల మధ్య ఊపిరి తీసుకునే చోటు ఉంది, మాటలు మరచిపోయినా ఈల వేసే భాగం ఆదుకుంటుంది. కొత్తగా పాడేవారికి నేను మొదట చెప్పేది ఈ పాటే. ముగ్గురూ కలిసి పాడదలచుకుంటే, స్మ్యాప్ బృందం 2003లో సింగిల్‌గా విడుదల చేసిన ‘సెకాయి ని హితొత్సు దకె నొ హనా’ ఇంకా సులువు. ప్రతి మనిషీ లోకంలో ఒక్కటే ఉన్న పువ్వు అనే ఆ పాటలో ఎవరి గొంతూ పైకి లాగబడదు.

కోబెలో ఒక పాటను మాత్రం కావాలనే వదిలేశాను. 1995 జనవరి 17 నాటి భూకంపం తరువాత అక్కడి ప్రాథమిక పాఠశాల సంగీత ఉపాధ్యాయుడు ఒకరు రాసిన పాటను పిల్లలు నేటికీ సంస్మరణ రోజున పాడతారు. నాకు అది కంఠతా వచ్చు. అయినా పోయినవారి కోసం పాడే పాటను, పక్క గదిలో నవ్వులు వినిపిస్తుండగా, మార్కులు వేసే యంత్రం ముందు పాడటానికి మనసు రాలేదు.

షిన్-కోబె స్టేషన్ నుంచి షింకన్‌సెన్ అనే అతివేగ రైలులో ఒకయామాకు సుమారు అరగంట. సరుకుల కంటెయినర్‌ను గదిగా మార్చి 1985లో కరావోకే బాక్స్‌ను మొదలుపెట్టిన ఊరు ఇది. బస తాతామి చాపలు పరిచిన పాత సత్రంలో. ఉదయపు భోజనం అద్భుతంగా ఉంది గానీ, రాత్రి పదకొండుకు తలుపు మూసేస్తారు, పాటల కోసం వచ్చేవారు ఇది తప్పక అడిగి తెలుసుకోవాలి. ఆ రాత్రి మేము బాక్స్‌కు కాక, ఎనిమిది మంది పట్టే ‘స్నాక్’ అనే చిన్న బార్‌కు వెళ్ళాము. అక్కడ కూర్చున్నందుకే ఒక రుసుము ఉంటుంది; నడిపే ఆవిడను అందరూ ‘మామా’ (అమ్మ అని అర్థం) అని పిలుస్తారు; వంతుల వారీగా, ముక్కూమొహం తెలియనివారి ముందు పాడాలి.

వయసులో పెద్దవారు ఉన్న చోట పాత పాటే మంచిదని, సుయిజెంజి కియొకొ 1968లో పాడిన ‘365 అడుగుల మార్చ్’ అడిగాను. సుఖం నడిచి రాదు, మనమే నడిచి వెళ్ళాలి, మూడడుగులు వేసి రెండు వెనక్కి వేసినా సరే అంటుంది ఆ పాట. రెండో చరణంలో నేను ఆగిపోయాను. పక్కన కూర్చున్న డెబ్బై దాటిన పెద్దాయన, గ్లాసు కింది అట్టముక్కతో బల్ల మీద అడుగుల తాళం వేస్తూనే, నా వైపు తిరిగి పెదవులతో తరువాతి మాటను శబ్దం లేకుండా చూపించారు. నేను అందుకోగానే మిగిలిన అయిదుగురూ చప్పట్లతో కలిశారు.

పది గంటల నలభైకి లేచాము. అడిగి ఉంటే ఇంకో పాట పాడనిచ్చేవారే, కానీ సత్రం తలుపు ఆగదు. వెళ్ళేటప్పుడు మామా ఆ పెద్దాయన అట్టముక్కనే తీసుకుని, దాని వెనుక హిరగానా అనే జపనీస్ లిపిలో మూడు పాటల పేర్లు రాసి నా చేతిలో పెట్టారు. మొదటిదాన్ని తిరుగు విమానంలో తెలుగులో రాసుకున్నాను.