వడ్డీకివ్వడమా, చీటీయా, స్థలమా, పాస్‌బుక్కా: ఇంటికి ఏది మేలు?

ఒడిశాలోని రాయగడలో మా కిరాణా కొట్టు లెక్కలు ఇరవై రెండేళ్ళుగా నేనే రాస్తున్నాను. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో ముందు అడిగేది, ఎంత వస్తుంది అని. ఏం పోతుంది అని నేనడిగితే "అసలు ఎక్కడికీ పోదులే" అంటారు మా ఆయన. నా భయం అసలు గురించి కాదు. ఎవరింటికి వెళ్ళడం మానేస్తాం, ఎవరు మన గడప తొక్కడం మానేస్తారు, రాత్రి పడుకున్నాక ఎవరి ముఖం గుర్తొస్తుంది, వీటి గురించి. తలా కాస్త అన్ని దారుల్లోనూ పెట్టి చూశాం కాబట్టి, వడ్డీ లెక్క పక్కన ఈ లెక్క కూడా పెట్టి చెప్తాను.

ముందు మా ఊరి సంగతి. 1992లో కోరాపుట్ నుంచి విడిపోయి రాయగడ జిల్లా అయింది. మా పిల్లలు బడిలో ఒడియా చదివారు, ఇంట్లో తెలుగే. పెళ్ళి సంబంధాలు మాత్రం ఆంధ్రలోని పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచే వస్తాయి. ఇక్కడున్న తెలుగు వ్యాపారుల కుటుంబాలు ఒకరికొకరు ఏదో ఒక వరసవుతారు. మన దగ్గర సరుకు కొనేవాళ్ళూ, అప్పు అడిగేవాళ్ళూ, రేపు మన పిల్లకు సంబంధం చెప్పేవాళ్ళూ ఒకళ్ళే. ఇక్కడ ఒక మాట జారితే సాయంత్రం బండికి పార్వతీపురం చేరుతుంది. పెద్ద నగరంలో అప్పు ఎగ్గొట్టినవాడి ముఖం మళ్ళీ చూడకుండా బతకొచ్చు. మాకు ఆ వీలు లేదు.

చుట్టాలకు వడ్డీకిచ్చేదే అన్నిటికంటే ఎక్కువ తెచ్చిపెట్టేలా కనిపిస్తుంది. మా బజార్లో నూటికి రెండు రూపాయలు నడుస్తున్నప్పుడు మా ఆడపడుచు భర్తకు రూపాయిన్నరకే మూడు లక్షలు ఇచ్చాం. ఆయన నాకు అన్నయ్య వరస. పార్వతీపురంలో మందుల షాపు పెట్టాలనుకున్నారు. నెలకు 4,500, ఏడాదికి 54,000 వడ్డీ. అదే మూడు లక్షలు మా ఇద్దరి పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాల్లో చెరి లక్షన్నర వేసుంటే 7.1 శాతం లెక్కన ఏడాదికి 21,300 వచ్చేది. అంటే ఈ అప్పు మాకు ఏటా 32,700 ఎక్కువ తెచ్చిపెట్టాలి.

మొదటి ఏడాది తెచ్చిపెట్టింది కూడా. తర్వాత షాపు తడబడింది. వడ్డీ రెండు నెలలకోసారి, ఆపైన పండక్కోసారి అయింది. మేమూ గట్టిగా అడగలేదు, వాళ్ళూ ఎగ్గొట్టలేదు. అసలు ఇబ్బంది అప్పిచ్చినప్పుడు రాయించుకున్న ప్రోనోటుతో వచ్చింది. ప్రోనోటుకు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, ఇక కోర్టులో చెల్లదు. ఆ లోపల ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే మళ్ళీ మూడేళ్ళు బతుకుతుంది. వ్యాపారంలో ఇది రోజూ జరిగేదే. కానీ పిల్లనిచ్చిన ఇంటివాళ్ళను కూర్చోబెట్టి సంతకం పెట్టించుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

మా ఆయన నోటు తిరగేసి బల్ల మీద పెట్టి, "ఒక్క వెయ్యి వేసి చెల్లు రాసేద్దాం బావా, ఫార్మాలిటీ అంతే" అన్నారు. అన్నయ్య జేబులోంచి రెండు అయిదు వందల నోట్లు తీసి, మడత విప్పి, ఒకదాని మీద ఒకటి సర్ది పెట్టారు. నేను కాఫీ ఇచ్చాను. సంతకం పెట్టారు. తేదీ కూడా ఆయనే వేశారు. "చల్లారిపోతోంది అన్నయ్యగారూ" అన్నాను. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని లేచారు. గ్లాసు మీద మీగడ కట్టి, పక్కన బిస్కెట్లు అలాగే ఉన్నాయి. అంతకుముందు మా ఇంటికి వస్తే సరాసరి వంటింట్లోకి వచ్చి "ఏం వండావమ్మా" అని మూత తీసి చూసే మనిషి.

మరుసటి ఏడు చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకు మా ఆడపడుచు వచ్చింది. క్యూలో నన్ను చూసి కొంగు సవరించుకుని మగవాళ్ళ వైపు వెళ్ళి నిలబడింది. దర్శనమయ్యాక నేనే వెళ్ళి పలకరిస్తే, "వదినా, ఈ నెల కుదరలేదు" అంది. నేను అడిగింది పిల్లాడికి జ్వరం తగ్గిందా అని. ఆమెకు నా నోట్లోంచి ఇంకో మాట వస్తుందనే అనిపించలేదు. ఏటా 32,700 ఎక్కువ వస్తుందని ఇచ్చిన డబ్బు నన్ను అప్పు వసూలు చేసే మనిషిని చేసి నిలబెట్టింది. మా ఆయనకు ఇది చెప్తే, "మనం ఏమన్నామని?" అన్నారు. నిజమే, మేం ఏమీ అనలేదు.

బంధువులకు డబ్బు ఇవ్వొద్దని నేను అనను. వడ్డీకి ఇవ్వొద్దంటాను. ఇవ్వగలిగింది ఇవ్వాలి, అది రాకపోయినా మన ఇల్లు నడిచేంత ఉండాలి, వస్తే సంతోషం. మూడు లక్షలు వడ్డీకి ఇచ్చే బదులు ఆ రోజు లక్ష ఊరికే చేతిలో పెట్టి ఉంటే, మాకు పోయేది ఆ లక్షే. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేది.

చీటీ దీని తోబుట్టువు. మా వీధి ఆడవాళ్ళం ఇరవై మందిమి, నెలకు అయిదు వేలు, ఇరవై నెలలు. పాటలో ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే, ఆ నెల లక్షలో అది పోగా మిగిలింది వాళ్ళకు. మూడో నెల పాటకు మా వరసలో చివరి ఇంటావిడ వచ్చింది, భర్తకు విశాఖలో ఆపరేషన్. పాట పదివేల దగ్గర మొదలైంది. ఇంకెవరో సరదాకి పెంచుకుంటూ పోయారు. ఆవిడ ఇరవై నాలుగు వేలు తగ్గించుకుని డెబ్భై ఆరు వేలు తీసుకుని వెళ్ళింది. తగ్గిన ఇరవై నాలుగు వేలు ఇరవై మందికీ పంచితే తలా పన్నెండు వందలు. ఆ నెల నేను 3,800 కట్టాను. ఆ పన్నెండు వందలు ఎవరి జేబులోంచి వచ్చాయో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. సాయంత్రం కొళాయి దగ్గర ఇద్దరం మామూలుగానే మాట్లాడుకున్నాం. నాకు మాత్రం మామూలుగా లేదు.

ఇంకో భారం చీటీ నడిపేవాళ్ళ మీద పడుతుంది. ఎవరైనా కట్టకపోతే వాళ్ళే సర్దాలి, లేదా పేరు పోగొట్టుకోవాలి. 1982 నాటి చీటీల చట్టం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ అన్నీ అడుగుతుంది. రిజిస్టరయిన కంపెనీ అయితే ఏడు శాతం దాకా కమిషన్ పట్టుకోవచ్చు, 2019 వరకూ అది అయిదే. ఆ కమిషన్ దండగ అనుకునేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు అనుకోను. మొహం తెలియని మనిషి పాటకు వస్తే మనసు అంత పిండదు, కట్టనివాళ్ళ ఇంటికి మనం పోనక్కర్లేదు. చీటీయే కట్టాలనుకుంటే రిజిస్టరయినదే మేలు. వీధి చీటీ మాత్రం అవసరానికి అక్కరకొచ్చే మంచి ఏర్పాటే గానీ, దాన్ని సంపాదన మార్గంగా చూడటం మొదలుపెట్టామంటే పక్కింటివాళ్ళ కష్టం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టినట్టే.

బంగారం గురించి ఎక్కువ చెప్పను. అక్కరకొస్తుంది, నిజం. కానీ వేసుకుంటే పెళ్ళిలో పది మంది కళ్ళు, దాస్తే తోటికోడలి అనుమానం. తాకట్టు పెట్టినప్పుడు ఖాళీ మెడ గురించి మొదట అడిగేది పుట్టింటివాళ్ళే.

స్థలం దగ్గర కాసేపు ఆగాలి. రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసుల భూమి ఆదివాసేతరులకు బదిలీ కాకూడదు. తర్వాత దాన్ని ఇంకా బిగించారు. అందుకని మాలాంటివాళ్ళు కొనగలిగిన స్థలాలు తక్కువ, ధర ఎక్కువ. దానికి కొందరు కనిపెట్టిన దారి ఏమిటంటే, కొట్లో మూటలు మోసే కోందు ఆదివాసీ మనిషి పేరు మీద కొని, కాగితాలు తమ బీరువాలో పెట్టుకోవడం. మాకూ ఒకసారి ఈ సలహా వచ్చింది. "మనిషి నమ్మకస్తుడు, పదేళ్ళుగా మీ దగ్గరే ఉన్నాడు, ఇంకేం?" అన్నారు. ఆ నమ్మకాన్నే వాడుకోమని చెప్తున్నారని నాకు అర్థమయ్యేసరికి ఒక పూట పట్టింది.

దీన్ని నేను మిగతావాటి పక్కన పెట్టి తూచను. అడవీ కొండా తప్ప ఇంకేమీ లేని వాళ్ళకు ఆ చట్టం ఒక్కటే కంచె. మనం వచ్చింది వ్యాపారానికి, వాళ్ళు ఇక్కడివాళ్ళు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. ఆ మనిషి కూలి పెంచమంటే భయం, మానేస్తానంటే భయం, చనిపోతే వాళ్ళ పిల్లలంటే భయం. రోజూ మన సరుకు మోసేవాణ్ణి రోజూ అనుమానంగా చూడాలి. ఇలా కొన్న ఒకాయన ఆ మనిషి కొడుకు చదువుకుంటున్నాడంటే సంతోషించలేకపోవడం నేను కళ్ళారా చూశాను.

సరిహద్దు దాటి కొనుక్కుందామంటే పార్వతీపురం మన్యం జిల్లాలోనూ చాలా చోట్ల వన్ ఆఫ్ సెవెంటీ అనే ఇలాంటి భూబదిలీ చట్టమే ఉంది. మైదానంలో, విజయనగరం వైపు కొనుక్కోవచ్చు. మా బావగారూ మా ఆయనా కలిసి అక్కడ రెండు వందల గజాలు కొన్నారు. ఆరు నెలలకోసారి రైలెక్కి వెళ్ళి తుప్పలు కొట్టించి, హద్దు రాళ్ళు చూసుకుని, స్థలం మీద అప్పులూ అమ్మకాలూ ఏమీ లేవని చూపే ఈసీ తీసుకుని వస్తారు. ఎవరు వెళ్ళాలి, రైలు ఖర్చు ఎవరిది, ఎవరి పిల్లలకు ముందు అన్న మాటలు ఇంకా బయటికి రాలేదు. కానీ అన్నదమ్ములిద్దరూ స్థలం పేరెత్తినప్పుడు గొంతు మారుస్తారు. కొనేటప్పుడే ఎవరి వంద గజాలు వాళ్ళ పేరున రాయించుకుని ఉంటే బాగుండేదని నేనూ మా తోటికోడలూ అనుకుంటాం. మేమిద్దరం మాత్రం ఆ విషయంలో ఒకటే మాట.

ఇక పాస్‌బుక్కు. బ్యాంకు డిపాజిట్టు, పీపీఎఫ్, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు వడ్డీతో కలిపి అయిదు లక్షల దాకా బీమా ఉంది. సిప్‌లో ఎక్కువతక్కువలు ఉంటాయి, ఆ టెన్షన్ మనదే, ఇంకొకరి మీద పడదు. అయితే దీనికీ ఒక ఖరీదుంది, అది లోపల్లోపల పడుతుంది. చీటీ పాడిన ఆవిడే ఆ తర్వాత ఒకసారి నా దగ్గరకు వచ్చి యాభై వేలు అడిగింది. "పీపీఎఫ్‌లో ఉన్నాయమ్మా, పదిహేనేళ్ళ దాకా తియ్యడానికి లేదు" అన్నాను. ఏడో ఏడు నుంచి కొంత తియ్యొచ్చని నాకు తెలుసు. నాది అప్పటికి తొమ్మిదో ఏడు. ఆవిడ నమ్మి వెళ్ళిపోయింది. అప్పు ఇచ్చి పోగొట్టుకున్నది ఒకరకం, ఇవ్వకుండా చెప్పిన అబద్ధం ఇంకోరకం. రెండోది ఎవరికీ కనిపించదు గనుక తీర్చుకునే దారీ లేదు.

గుట్టుగా దాచడంలో ఇంకో నష్టం ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా తెలియకుండా పోవడం. మాకు తెలిసిన ఒకాయన పోయాక, ఏ బ్యాంకులో ఎంతుందో భార్యకు తెలియక కాగితాలు పట్టుకుని తిరిగింది. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి. వాటిని వెతుక్కోవడానికే 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టారు. మనిషి మీద నమ్మకం లేక దాచిన డబ్బు చివరికి మనవాళ్ళకే అందకపోతే ఎందుకు? మా ఇంట్లో ఖాతాలు, నామినీలు అన్నీ ఒక నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టాను. మా ఆయనకూ పిల్లలకూ చూపించాను.

ఇన్ని చూశాక నా ఓటు పాస్‌బుక్కుకే. వయసు, ఓపిక ఉన్నవాళ్ళకు ఎవరి పేరున వాళ్ళు కొనుక్కున్న స్థలం తర్వాతది. చీటీ అవసరానికి మాత్రమే. చుట్టాలకు వడ్డీ వద్దే వద్దు. పాస్‌బుక్కు పక్కన ఇంకో చిన్న ఖాతా కూడా ఉండాలి. మేం పోయిన దసరా నుంచి నెలకు రెండు వేలు విడిగా వేస్తున్నాం. అడిగినవాళ్ళకు అందులో ఉన్నంతే, వడ్డీ లేదు, నోటు లేదు. లేకపోతే లేదని నిజం చెప్పొచ్చు. కొళాయి దగ్గర నాకు కావలసింది అదే.

అన్నయ్యగారి నోటుకు వచ్చే ఆషాఢానికి మళ్ళీ మూడేళ్ళు నిండుతాయి. అసలులో ఇంకా నలభై ఒక్క వేలు ఉంది. "చెల్లు రాయించడానికి రమ్మందామా?" అని మొన్న మా ఆయన అడిగారు. "కాలదోషం పట్టనివ్వండి, ఈలోగా ఒక ఆదివారం ఊరికే భోజనానికి పిలవండి" అన్నాను. లెక్కల పుస్తకం మూసి కాసేపు కూర్చున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు.