ఆకుపచ్చ వైరుతో ఆరేళ్లు

అద్దె ఇంట్లో నాలుగు వైఫై స్విచ్చులతో పడ్డ తిప్పలు గుర్తున్నాయి కాబట్టి, గుంటూరులో సొంత ఇల్లు కట్టుకునేటప్పుడు ఆటోమేషన్ ఉంటే వైరుతోనే ఉండాలని ముందే అనుకున్నాను. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ వైర్ల మీద నడిపే పద్ధతుల్లో చివరికి లాక్సోన్, కేఎన్‌ఎక్స్ రెండూ మిగిలాయి. లాక్సోన్‌లో తెలివంతా మినీసర్వర్ అనే ఒక్క పెట్టెలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉచితం, కానీ ఒకే కంపెనీ సరుకు. కేఎన్‌ఎక్స్ కంపెనీ కాదు, చాలా కంపెనీలు పాటించే ఒక ప్రమాణం. ఒక కంపెనీ బటన్ ఇంకో కంపెనీ రిలేతో (లైటును ఆన్, ఆఫ్ చేసే పరికరం) మాట్లాడుతుంది, ఏ పరికరం తెలివి దానిలోనే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత విడిభాగం దొరకాలి కదా అని దీనికే మొగ్గాను. 2019లో గృహప్రవేశం చేశాం.

ఈ పద్ధతిలో స్విచ్చు దగ్గరికి 230 వోల్టులు రానక్కర్లేదు. సుమారు 30 వోల్టుల డీసీ ఉండే ఆకుపచ్చ కేబుల్ ఒకటి వస్తుంది. అందులో ఎరుపు, నలుపు తీగలే పని చేస్తాయి, పసుపు, తెలుపు స్పేర్. ప్రతి లైటు వైరూ మాత్రం విడిగా డీబీ (ఎంసీబీలు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దాకా రావాలి. మామూలు వైరింగ్ కంటే రాగి బాగా ఎక్కువ పట్టింది. మా డీబీ చూసి ఎలక్ట్రీషియన్ "ఇది ఇల్లా సబ్‌స్టేషనా సార్?" అన్నాడు.

మొదటి తప్పు నాదే. యూరప్ బటన్లకు 60 మిల్లీమీటర్ల గుండ్రటి బాక్సులు కావాలి. మన వాళ్లు ఎప్పటిలాగే మాడ్యులర్ మెటల్ బాక్సులు పెట్టి ప్లాస్టరింగ్ కూడా చేసేశారు. హాల్లోనూ మా గదిలోనూ గోడ కొట్టించాను. మిగతా చోట్ల మామూలు బెల్ పుష్ స్విచ్చులు పెట్టి, వాటిని ఆకుపచ్చ కేబుల్‌కు కలిపే బటన్ ఇంటర్‌ఫేస్ అనే చిన్న పరికరం వెనకాల దూర్చాం. విచిత్రం ఏమిటంటే అవే నయం అనిపించాయి. చీకట్లో వేలికి తగులుతాయని అమ్మ వాటినే వాడుతుంది. హాల్లో ఉన్న గాజు ప్యానెల్ చుట్టాలు చూడ్డానికి.

ఫ్యాన్ల సంగతి ఎవరూ ముందు చెప్పరు. లైటు డిమ్మర్‌కు సీలింగ్ ఫ్యాను తగిలిస్తే గుయ్‌మని మూలుగుతుంది. నేను రిలేతో ఆన్, ఆఫ్ మాత్రమే పెట్టి, స్పీడుకు మామూలు రెగ్యులేటర్ ఉంచేశాను. ఏసీలకు రిలే నేరుగా కాకుండా కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్చు) ద్వారా.

అసలు టెన్షన్ రెండో ఏడాది వేసవిలో మొదలైంది. పోయిన కరెంటు రాత్రి రెండింటికి వచ్చింది, దాంతోపాటు ఇంట్లో లైట్లన్నీ వెలిగాయి. ఆకుపచ్చ కేబుల్‌కు కరెంటు ఇచ్చే బస్ పవర్ సప్లైని ఇన్వర్టర్ మీద పెట్టలేదు, పైగా కరెంటు తిరిగొస్తే రిలేలు ఏం చేయాలన్న సెట్టింగు ఆన్ అని ఉంది. మొదటిది అరగంట పని. రెండోది మార్చాలంటే, కేఎన్‌ఎక్స్ పరికరాలను ప్రోగ్రాం చేసే ఈటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మా ఇంటి ప్రాజెక్టు ఫైలు కావాలి. అది నా దగ్గర లేదు! ఇన్‌స్టాల్ చేసినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. పరికరాల్లోంచి సెట్టింగులన్నీ వెనక్కి లాగి ఆ ఫైలు తయారు చేయడం కుదరదు. వేరే మనిషిని పిలిచి, ఏ బటన్ ఏ లైటుదో గదిగదికీ తిరిగి రాసుకుని, మొత్తం మళ్లీ ప్రోగ్రాం చేయించాం. ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చే ముందే ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. నేనిప్పుడు రెండు కాపీలు ఉంచుతున్నాను, ఒకటి ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో.

ఆరేళ్లలో చెడిపోయినవి రెండే. మెట్ల దగ్గర సెన్సర్ ఒకటి, పిడుగుల వానలో పవర్ సప్లై ఒకటి. పవర్ సప్లై పోతే ఇంట్లో ఏ బటనూ పలకదు. కానీ మా రిలేల మీద చేత్తో తిప్పే మీటలు ఉండబట్టి, టార్చి పట్టుకుని డీబీ ముందు నిలబడి రెండు రోజులు నెట్టుకొచ్చాం. కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ అప్పుడే పెట్టించాను, స్పేర్ సప్లై కూడా కొని ఉంచాను.

రోజూ నిజంగా వాడేది ఒక్కటే అనాలి. బయటికి వెళ్తూ గుమ్మం పక్కన బటన్ రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే లైట్లన్నీ ఆరిపోతాయి. సీన్లు (ఒక్క నొక్కుతో కొన్ని లైట్లు ముందే అనుకున్నట్టు మారడం), మూడ్ లైటింగు మొదటి నెల ముచ్చట.

ఇప్పుడు తమ్ముడు ఇల్లు కడుతున్నాడు, చేతిలో డబ్బు తక్కువ. ఒక్క పరికరం కూడా కొనొద్దని చెప్పాను. పైపులు ఒక సైజు పెద్దవి వేయించి, లైట్ల వైర్లు డీబీకి తెచ్చి, ప్రతి బోర్డుకూ ఆకుపచ్చ కేబుల్ లాగి వదిలేస్తున్నాడు. ప్రస్తుతానికి స్విచ్చులు మామూలువే.