ఐగ్, ఐగ్‌హెచ్, ఐగ్స్‌హెచ్: ఏది మేలు?

ఎంటెక్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే చాలు, నాకు ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తుంది. "అన్నా, స్టిఫ్‌నెస్ మాత్రిక ఉంది, మాస్ మాత్రిక ఉంది, ఫ్రీక్వెన్సీలు కావాలి, పైథాన్‌లో ఏ ఫంక్షన్ వాడాలి?" కొందరు అప్పటికే ఏదో ఒకటి వాడేసి, బిల్డింగ్ ఫ్రీక్వెన్సీలు సంకీర్ణ సంఖ్యలుగా వచ్చాయని టెన్షన్ పడుతూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసి పెడుతున్నాను. ఐగ్, ఐగ్‌హెచ్, ఐగ్స్‌హెచ్ (eig, eigh, eigsh) అనేవి పైథాన్‌లో ఈ పని చేసే మూడు ఫంక్షన్లు. మోడ్ షేప్ అంటే ఏమిటి, ఐగెన్ విలువ అంటే ఏమిటి అనే జోలికి పోను. సమీకరణం మీకు తెలిసిందే: కే ఫై = లాంబ్డా ఎం ఫై. కే స్టిఫ్‌నెస్, ఎం మాస్, ఫై మోడ్ షేప్ (ఐగెన్ వెక్టర్), లాంబ్డా (ఐగెన్ విలువ) అంటే ఒమెగా స్క్వేర్, ఒమెగా అంటే ఫ్రీక్వెన్సీ.

ముందుగా చేయకూడని పని ఒకటి. ఎం విలోమం కనుక్కుని, దాన్ని కే తో గుణించి, నంపై (పైథాన్ గణిత లైబ్రరీ) లోని మామూలు ఐగ్‌కి ఇచ్చేయడం. పుస్తకంలో సమీకరణం అలాగే ఉంటుంది కాబట్టి చేతులు అటే పోతాయి. కే, ఎం రెండూ సిమెట్రిక్ (అడ్డవరుసల్ని నిలువు వరుసలుగా మార్చినా అలాగే ఉండేవి) అయినా వాటి నుంచి వచ్చిన ఆ లబ్ధం మాత్రం సిమెట్రిక్ కాదు. దాంతో రొటీన్‌కి ఇది సిమెట్రిక్ సమస్య అనే సంగతే తెలియకుండా పోతుంది. రౌండాఫ్ వల్ల దగ్గరదగ్గరగా ఉన్న రెండు విలువలు కాస్తా సంకీర్ణ జంటగా మారిపోవచ్చు. విలువలు వరుసలోనూ రావు. అసలు దెబ్బ మోడ్ షేపుల దగ్గర తగులుతుంది. చదరపు ప్లాన్ ఉన్న బిల్డింగ్ తీసుకోండి, ఎక్స్ దిశలో మొదటి మోడ్, వై దిశలో మొదటి మోడ్ ఒకే ఫ్రీక్వెన్సీతో వస్తాయి. అలాంటి జంటకు ఐగ్ ఇచ్చే రెండు వెక్టర్లు మాస్ పరంగా ఒకదానికొకటి లంబంగా (మధ్యలో ఎం పెట్టి గుణిస్తే సున్నా వచ్చేలా) ఉంటాయన్న హామీ ఏమీ లేదు. వాటితో పార్టిసిపేషన్ ఫ్యాక్టర్లు (ఒక్కో మోడ్ వాటా చెప్పే సంఖ్యలు) లెక్కేసి కూడితే మొత్తం మాస్ నూరు శాతం దాటినా దాటుతుంది. ఐఎస్ 1893 (భూకంపాలకి మన డిజైన్ కోడ్) ప్రకారం కనీసం 90 శాతం మాస్ వచ్చేలా మోడ్‌లు తీసుకోవాలి కదా, ఆ లెక్కే తప్పుతుంది.

ఇక నిజమైన పోటీ సైపై (నంపై మీద కట్టిన ఇంకో లైబ్రరీ) లోని ఐగ్‌హెచ్‌కీ, అదే సైపైలోని రెండు మాత్రికల ఐగ్‌కీ మధ్య. (నంపై ఐగ్‌హెచ్ రెండో మాత్రికను తీసుకోదు, ఆ పేరు చూసి పొరబడకండి.) రెండూ లోపల లాప్యాక్ అనే లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ రొటీన్లనే పిలుస్తాయి, కానీ దారులు వేరు. ఐగ్‌హెచ్ ముందు ఎం ని చోలెస్కీ పద్ధతితో ఒక త్రిభుజ మాత్రిక, దాని ట్రాన్స్‌పోజ్‌ల లబ్ధంగా విడగొట్టి, ఆ ముక్కలతో సమస్యను మామూలు సిమెట్రిక్ సమస్యగా మార్చి, దాన్ని సాధించి, వెక్టర్లను వెనక్కి తిప్పి ఇస్తుంది. విలువలన్నీ వాస్తవ సంఖ్యలు, చిన్న నుంచి పెద్దకు వరుసలో ఉంటాయి, వెక్టర్లు మాస్ నార్మలైజ్ అయ్యే (ఫై ట్రాన్స్‌పోజ్, ఎం, ఫై గుణిస్తే 1 వచ్చేలా) వస్తాయి. మొదటి పది మోడ్‌లే చాలంటే అవే అడగొచ్చు. రెండు మాత్రికల ఐగ్ మాత్రం క్యూజెడ్ పద్ధతిని వాడుతుంది. 1973లో మోలర్, స్టీవర్ట్ ప్రచురించిన పద్ధతి ఇది. ఆ క్లీవ్ మోలరే తర్వాత మ్యాట్‌ల్యాబ్ సృష్టించాడు. క్యూజెడ్ గొప్పతనం ఏమిటంటే ఎక్కడా ఎం ని విలోమం చేయదు, విడగొట్టదు, దాని మీద ఏ షరతూ పెట్టదు. ఎం సింగ్యులర్ (విలోమం లేనిది) అయినా సరే. ప్రతి విలువనీ ఆల్ఫా, బీటా అనే రెండు సంఖ్యల నిష్పత్తిగా ఇస్తుంది, బీటా సున్నా అయితే ఆ ఐగెన్ విలువ అనంతం అన్నమాట.

ఈ మాట వినగానే చాలామంది "అయితే ఎప్పుడూ క్యూజెడ్ వాడేస్తే పోలా" అంటారు. పోదు. సిమెట్రీని అది పట్టించుకోదు, కాబట్టి పైన చెప్పిన మోడ్ షేపుల గొడవ ఇక్కడా ఉంటుంది. పని కూడా చాలా ఎక్కువ. ఒకే సైజుకి ఐగ్‌హెచ్ కంటే క్యూజెడ్ అనేక రెట్లు నిదానం. చక్కని సిమెట్రిక్ సమస్యకి క్యూజెడ్ వాడటమంటే గోటితో పోయేదానికి గొడ్డలి తీయడమే. మ్యాట్‌ల్యాబ్ వాళ్లకి ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: అక్కడ ఐగ్ ఒక్కటే, మాత్రికలు చూసుకుని చోలెస్కీయా క్యూజెడ్డా అన్నది తనే ఎంచుకుంటుంది. కే లో ఎక్కడో పదహారో అంకెలో తేడా వచ్చి సిమెట్రీ చెడినా నోరెత్తకుండా క్యూజెడ్‌కి వెళ్లిపోతుంది. కే ని దాని ట్రాన్స్‌పోజ్‌తో కూడి సగం చేసి ఇవ్వండి. సైపై తీరు దీనికి పూర్తిగా రివర్స్. ఐగ్‌హెచ్ సిమెట్రీని అసలు చూడనే చూడదు, కింది త్రిభుజం మాత్రమే చదువుకుని పైది కూడా అదే అనుకుంటుంది. సపోర్టుల దగ్గర వరుసలు సున్నా చేసి నిలువులు వదిలేసిన కే ని ఇస్తే, ఏ ఎర్రరూ లేకుండా వేరే బిల్డింగ్ ఫ్రీక్వెన్సీలు మీ చేతిలో పెడుతుంది.

స్పీడు, మెమరీ, లైబ్రరీ ఇవన్నీ తర్వాత. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: రెండో మాత్రిక ఎలాంటిది? అది పాజిటివ్ డెఫినిట్ (ఐగెన్ విలువలన్నీ సున్నా కంటే పెద్దవి) అయి, బాగా కండిషన్ అయి (ఆ విలువల మధ్య మరీ పెద్ద తేడా లేకుండా) ఉంటే ఐగ్‌హెచ్, ఇంకో మాట లేదు. చిక్కంతా అది అలా లేనప్పుడే వస్తుంది, మన ఫీల్డులో అది చాలా తరచుగా అలా ఉండదు. ఫ్రేమ్‌లో మాస్ అంతా ఫ్లోర్ల దగ్గర లంప్ చేసి (ఒకచోట చేర్చి) జాయింట్ల రొటేషన్లకు సున్నా ఇస్తాం కదా, ఆ క్షణంలోనే ఎం సింగ్యులర్ అయిపోయింది. చోలెస్కీ అక్కడే ఆగి, బీ లీడింగ్ మైనర్ పాజిటివ్ డెఫినిట్ కాదని ఎర్రర్ ఇస్తుంది. (సైపై దృష్టిలో రెండో మాత్రిక పేరు బీ.) ఆ ఎర్రర్ పోగొట్టడానికి సున్నాల చోట పది పవర్ మైనస్ పన్నెండు లాంటి దొంగ మాస్ పెట్టేవాళ్లు ఉన్నారు. ఎర్రర్ పోతుంది, కానీ దానికి బదులు లాంబ్డాలో ఆకాశాన్నంటే విలువలు పుట్టుకొస్తాయి. ఐగ్‌హెచ్‌లో వచ్చే పొరపాటు అన్ని విలువలకూ సుమారుగా ఒకే స్థాయిలో ఉంటుంది, ఆ స్థాయిని నిర్ణయించేది అన్నిటికంటే పెద్ద విలువ. డబుల్ ప్రెసిషన్‌లో ఉన్నవే పదహారు అంకెలు. పెద్ద లాంబ్డా చిన్నదానికి పది పవర్ పద్నాలుగు రెట్లు ఉంటే మీ మొదటి మోడ్‌కి మిగిలేది రెండంకెలు. మనకి కావాల్సింది ఆ మొదటి మోడే.

అందుకే నేను మాత్రికల్ని అటూ ఇటూ మార్చేస్తాను. కే ఫై = లాంబ్డా ఎం ఫై బదులు ఎం ఫై = మ్యూ కే ఫై అని రాయండి, మ్యూ అంటే 1 బై లాంబ్డా. పునాదికి సరిగ్గా బిగించిన బిల్డింగ్‌కి కే పాజిటివ్ డెఫినిట్, కాబట్టి చోలెస్కీకి అభ్యంతరం లేదు. ఐగ్‌హెచ్‌కి ఎం ముందు, కే తర్వాత ఇస్తే సరిపోతుంది. మాస్ లేని రొటేషన్లన్నీ మ్యూ సున్నాగా ఒక మూలకి పోతాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. ముఖ్యంగా మనకి కావాల్సిన తక్కువ ఫ్రీక్వెన్సీలు ఇప్పుడు పెద్ద మ్యూలు అయ్యాయి, అంటే రొటీన్ బాగా ఇవ్వగలిగే కొసకి వచ్చాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: ఇప్పుడు వెక్టర్లు కే పరంగా నార్మలైజ్ అయి వస్తాయి, మాస్ నార్మలైజ్ కావాలంటే ఒక్కోదాన్నీ దాని మ్యూ వర్గమూలంతో భాగించాలి. ఇది మంత్రమేమీ కాదు. కే అసలే ఘోరంగా ఇల్‌కండిషన్డ్ అయితే ఏ దారిలో పోయినా అంకెలు పోతాయి. కానీ సున్నా మాస్ సమస్యకి ఇంత తేలిక మందు ఇంకోటి లేదు. 1965లో గయాన్ చెప్పిన కండెన్సేషన్ (కొన్ని డిగ్రీలను, అంటే స్వతంత్ర కదలికలను, మిగతావాటిలో కలిపేసి మాత్రికను చిన్నది చేసే పద్ధతి) తో రొటేషన్లను ముందే తీసేయొచ్చు, సున్నా మాస్ ఉన్నచోట అది కచ్చితమైన జవాబే ఇస్తుంది, కాకపోతే డిగ్రీల నంబర్లు విడదీసి మళ్లీ కలపడం ఒక అదనపు పని.

బక్లింగ్ (లోడుకి స్తంభం లాంటివి వంగిపోవడం) లెక్కలు చేసేవాళ్లకి కూడా ఇదే చిట్కా. అక్కడ ఎం స్థానంలో వచ్చే జియోమెట్రిక్ స్టిఫ్‌నెస్ మాత్రిక సాధారణంగా ఇన్‌డెఫినిట్ (కొన్ని ఐగెన్ విలువలు ప్లస్, కొన్ని మైనస్), దాన్ని రెండో స్థానంలో పెడితే ఐగ్‌హెచ్ ఒప్పుకోదు, అప్పుడు జనం క్యూజెడ్‌కి పరిగెత్తుతారు. స్థానాలు మార్చి కే ని రెండోదిగా పెడితే చాలు. సపోర్టులు లేని వస్తువు, అంటే విమానమో ఉపగ్రహమో అయితే కే కూడా సింగ్యులర్, అప్పుడు కే కి సిగ్మా (ఏదో ఒక చిన్న పాజిటివ్ సంఖ్య) రెట్లు ఎం కలిపి రెండో స్థానంలో పెట్టండి, లాంబ్డా కావాలంటే 1 బై మ్యూ లోంచి సిగ్మా తీసేయండి. ఆ మొత్తం కూడా పాజిటివ్ డెఫినిట్ కాకపోతే మాత్రం రొటీన్ మార్చి లాభం లేదు. దేనికీ కలవని, మాస్ కూడా లేని నోడ్ ఏదో మోడల్లో వేలాడుతోందన్నమాట. అలాంటి చోట క్యూజెడ్ ఆల్ఫా, బీటా రెండూ సున్నా దగ్గరగా ఇస్తుంది, వాటి నిష్పత్తి ఏ సంఖ్య వచ్చినా దానికి అర్థం లేదు.

రెండో మాత్రిక చూడమనే ఈ సలహా సివిల్ వాళ్లకే కాదు. డేటా సైన్స్ పిల్లలు వాడే లీనియర్ డిస్క్రిమినెంట్ అనాలిసిస్ (డేటాని గుంపులుగా వేరుచేసే పద్ధతి) కూడా ఇలాంటి సమస్యే. 1936లో ఫిషర్ రెండు గుంపులకి చెప్పినదాన్ని 1948లో ఎక్కువ గుంపులకి విస్తరించింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్.రావు. అక్కడ రెండో మాత్రిక గుంపుల లోపలి చెదురు. శాంపిల్స్ కంటే కొలతలు ఎక్కువైతే అది సింగ్యులర్ అవుతుంది. సైకిట్‌లెర్న్ (పైథాన్ మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) లో 'ఐగెన్' అని అడిగితే లోపల పనిచేసేది ఈ ఐగ్‌హెచ్చే. మామూలుగా అడక్కుండా వదిలేస్తే ఆ మాత్రికని కట్టకుండానే ఎస్‌వీడీ (సింగ్యులర్ వాల్యూ డికంపోజిషన్) దారిలో వెళ్తుంది. ఎందుకో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

మరి క్యూజెడ్ ఎప్పుడు? మాత్రికలు నిజంగానే సిమెట్రిక్ కానప్పుడు. తిరిగే షాఫ్టులు, బ్రేకుల కీచు శబ్దం, కంట్రోల్‌లో డిస్క్రిప్టర్ సిస్టమ్‌లు, ఆర్థికవేత్తల రేషనల్ ఎక్స్‌పెక్టేషన్స్ మోడళ్లు. అక్కడ దానికి సాటి లేదు. సైపైలో వాడేటప్పుడు ఆల్ఫా, బీటాలను విడివిడిగా ఇమ్మని అడగండి, భాగించాక వచ్చిన పెద్ద సంఖ్య నిజంగా పెద్దదా, అనంతమా అని తర్వాత తలపట్టుకోనక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డెన్స్ (సున్నాలతో సహా అన్నీ నిల్వ చేసే) మాత్రికలకి. పది వేల డిగ్రీలకి ఒక్క డెన్స్ మాత్రికే 800 ఎంబీ, యాభై వేలకి 20 జీబీ. ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ కొంచెం పెద్దదైతే స్పార్స్ (సున్నా కానివి మాత్రమే నిల్వ చేసే) మాత్రికలకి పనిచేసే ఐగ్స్‌హెచ్ తప్ప దారి లేదు. దీని లోపల ఉన్నది ఆర్‌ప్యాక్, రైస్ యూనివర్సిటీలో సోరెన్సన్ బృందం ఫోర్ట్రాన్‌లో రాసినది. అందరూ ఇక్కడ చేసే పని ఒకటుంది: చిన్న విలువలు కావాలి కాబట్టి 'ఎస్‌ఎం' (స్మాలెస్ట్ మాగ్నిట్యూడ్) అని అడుగుతారు, అది గంటలకొద్దీ తిరిగి కన్వర్జ్ కాలేదంటుంది. అలా కాదు. సిగ్మా సున్నా ఇచ్చి, 'ఎల్‌ఎం' (లార్జెస్ట్ మాగ్నిట్యూడ్) అలాగే ఉంచండి. అప్పుడు అది షిఫ్ట్ ఇన్వర్ట్ పద్ధతికి మారి, కే ని ఒకసారి ఫ్యాక్టరైజ్ చేసుకుని, సిగ్మాకి దగ్గరగా ఉన్నవి ముందు పట్టుకుంటుంది. పైన మనం చేతితో చేసిన తారుమారే ఇది, స్పార్స్ వేషంలో. అందుకే సిగ్మా ఇచ్చినప్పుడు ఎం సెమీ డెఫినిట్ (కొన్ని ఐగెన్ విలువలు సున్నా) అయినా దీనికి పర్వాలేదు. సపోర్టులు లేని మోడల్ అయితే సిగ్మా సున్నా పనిచేయదు, చిన్న నెగటివ్ విలువ ఇవ్వండి.

మిగతావి క్లుప్తంగా. ఎల్‌ఓబీపీసీజీ అనే ఇటరేటివ్ పద్ధతి మంచి ప్రీకండిషనర్ (విలోమానికి చవకైన ఉజ్జాయింపు) ఉంటే అద్భుతం, లేకపోతే సమయం దండగ. ఫీస్ట్ అనే ఇంకో పద్ధతి ఒక నిర్దిష్ట రేంజ్‌లో ఉన్న విలువలన్నీ కావాలన్నప్పుడు పనికొస్తుంది, ఇంటెల్ ఎంకేఎల్ లైబ్రరీలో దొరుకుతుంది. బాతే సబ్‌స్పేస్ ఇటరేషన్ క్లాసులో చెప్తారు, చేతితో కోడ్ రాసి నేర్చుకోవడానికి బాగుంటుంది. ఈటాబ్స్ (బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్) లో రిట్జ్ వెక్టర్లు వాడితే తక్కువ మోడ్‌లతో 90 శాతం మాస్ వస్తుంది, కానీ అవి కచ్చితమైన ఐగెన్ వెక్టర్లు కావు, పోల్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఏది వాడినా ఒక చెక్ మాత్రం చేయండి. ఐగ్స్‌హెచ్ పది మోడ్‌లు ఇచ్చిందంటే అవి మొదటి పదీ అని అర్థం కాదు, ముఖ్యంగా చదరపు ప్లాన్లలో జంట మోడ్‌లలో ఒకటి జారిపోవచ్చు. కే లోంచి సిగ్మా రెట్లు ఎం తీసేసి ఎల్‌డీఎల్ చేస్తే (ఎల్, డీ, ఎల్ ట్రాన్స్‌పోజ్‌ల లబ్ధంగా విడగొడితే), డీ లో ఎన్ని నెగటివ్ ఐగెన్ విలువలు ఉంటే సిగ్మా కింద అన్ని లాంబ్డాలు ఉన్నట్టు. సిల్వెస్టర్ సూత్రమే ఇది. ఆఖరి మోడ్‌కి కాస్త పైన సిగ్మా పెట్టి లెక్క సరిచూసుకోండి. డెన్స్ అయితే సైపైలో ఎల్‌డీఎల్ ఉంది. స్పార్స్‌కి సైపైలో ఉన్నది ఎల్‌యూ మాత్రమే, పివటింగ్ వల్ల దాని గుర్తులు లెక్కపెట్టి లాభం లేదు, కాబట్టి మంప్స్, పార్డిసో లాంటి స్పార్స్ సాల్వర్ ఒకటి తెచ్చుకోవాల్సిందే. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక పూట పోతుంది.