గుడ్డ టాప్ తార్‌లో కళింగపట్నం

విజయనగరం నుంచి కళింగపట్నానికి అద్దెకు తీసుకున్న మహీంద్రా తార్‌లో వెళ్లాం. 2020లో వచ్చిన మోడల్, డీజిల్ మాన్యువల్, మడిచే గుడ్డ టాప్. పాత విల్లీస్ జీపు పోలికలు చూసి దీన్ని షోకు బండి అనుకునేవాళ్లు చాలామంది. నాకైతే దీని విలువంతా ఇంజన్‌లోనే కనిపించింది.

నాతవలస దగ్గర హైవే ఎక్కాక మాత్రం నిరాశే. 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజన్‌ది 130 హార్స్‌పవర్, లాగడానికి లోటు లేదు. కానీ వేగం 80 దాటితే గుడ్డ టపటపా కొట్టుకుంటుంది, వెనకవాళ్ల మాట ముందుకి వినపడదు. టాప్ తీస్తే లారీల పొగంతా మొహానికే. శ్రీకాకుళం చేరేదాకా వేసి ఉంచడమే మేలు.

గార వైపు తిరిగాక టాప్ మడిచాం. ఇక్కడే ఈ బండి నాకు నచ్చింది. 300 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 1600 ఆర్‌పీఎం నుంచే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందుతుంది. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఎదురుగా గేదెల మంద వస్తుంది, మూడో గేర్‌లోనే నెమ్మదించి మళ్లీ అదే గేర్‌లో అందుకుంటుంది. సరుగుడు తోట పక్క ఇసుక దారిలో టైర్ల గాలి కొంచెం తగ్గించి, ‘ఫోర్-లో’ (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే గేర్) వేస్తే యాక్సిలరేటర్ పెద్దగా తొక్కకుండానే బయటపడింది. అయితే బీచ్ మీదకి దింపకండి. ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

శాలిహుండం తప్పక చూడండి. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం. స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార. కళింగపట్నం లైట్‌హౌస్ కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

బస శ్రీకాకుళంలో. గుడ్డ టాప్‌కి జిప్పులే కాబట్టి సామాను భద్రం కాదు. ఒక లాడ్జిలో గదులు బాగున్నా పార్కింగ్ రోడ్డు మీదే. అందుకే గేటూ, వాచ్‌మన్ ఉన్న పాత హోటల్‌కి వెళ్లాం. వేడినీళ్లు ఆలస్యంగా వచ్చినా రాత్రి టెన్షన్ లేకుండా పడుకున్నాం. బండి ఇచ్చినవాళ్లు టాప్ మడిచే పద్ధతి చూపించనే లేదు. తాళం తీసుకునేముందే ఒకసారి మడిపించి చూసుకోండి. ఆదివారం మాత్రం అరసవల్లి మీదుగా పెట్టుకోకండి, దర్శనానికి వచ్చే జనంతో ఆ రోడ్డు కదలదు.